మధ్యలో మిగిలిన గడి

జనవరి 12

అక్కగారికి, బావగారికి, మీ వీధిలో చెవులున్న సమస్త జనానికి, చెవులుండీ వినని మీ ఇంటి ఓనరుకి డప్పు కొట్టి చెప్పడమైనదేమంటే:

నిన్న సాయంత్రం టీ వేళకి నా ఎడమకాలి చెప్పు తెగిపోయినది. కుడికాలి చెప్పు క్షేమం. తెగినదాని స్థానంలో పెయింటు డబ్బా మూతకి తాడు కట్టి వాడుకోవలెనని తాత్కాలికంగా నిర్ణయించడమైనది. ఈ సందర్భంగా ఎవరూ సంతాప సభలు పెట్టరాదు. దండలు పంపరాదు. కొత్త చెప్పులు పంపితే మాత్రం అభ్యంతరం లేదు.

ఫోన్ చేయొద్దు, ఉత్తరం రాయి అన్నావు గనక రాస్తున్నాను. "ఫోనైతే దొరికిపోగానే సిగ్నల్ లేదంటావు, కాగితం మీద ఎక్కడికి పారిపోతావు" అన్నావు. తమ్ముడి మీద ఎంత నమ్మకమో.

పని దొరికింది. ఎక్కడో తెలుసా, నువ్వు చదివిన యూనివర్సిటీలోనే. దానికి నూరేళ్ళు నిండుతున్నాయట. మనిషికి నూరేళ్ళు నిండాయంటే ఏడుస్తారు, దీనికి మాత్రం సున్నం వేయిస్తున్నారు. పెద్ద భవనంలో వసారా గోడ మీద "మన విశ్వవిద్యాలయ చరిత్రలో ముఖ్య ఘట్టాలు" అని రాయాలి. నువ్వు మెట్లెక్కి వెళ్ళిన చోటికి నేను నిచ్చెనెక్కి వెళ్ళాను. ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి, ఇప్పుడు ప్రొఫెసర్లందరికంటే ఎత్తున కూర్చుంటున్నాను.

ఘట్టాలు చరిత్ర మేష్టారు ఇచ్చాడు. మొదటి తరగతులు అద్దెకు తీసుకున్న ధాన్యం గోదాములో జరిగాయట. ఎలుకలు ఎక్కువ, విద్యార్థులు తక్కువ. వరద వచ్చిన ఏడు లైబ్రరీ పుస్తకాలన్నీ చేతులు మార్చుకుంటూ మేడ మీదికి చేర్చారట. ఆడపిల్లల్ని చీకటిపడ్డాక కూడా రీడింగ్ రూములో కూర్చోనిచ్చిన ఏడాది ఒక ఘట్టం. కెమిస్ట్రీ లాబు తగలబడిన ఏడాది ఇంకో ఘట్టం. తగలబెట్టినాయన తర్వాత ఆ శాఖకే పెద్ద అయ్యాడని మేష్టారు నవ్వుతూ చెప్పాడు, గోడ మీద మాత్రం రాయొద్దన్నాడు.

మొత్తం ఇరవై మూడు. ఇరవై మూడింటిని ఎలా పేర్చినా గోడకి మెల్లకన్ను వచ్చినట్టుంటుంది. అందుకని నాలుగు వరసలు, వరసకి ఆరు గడులు గీసి, చుట్టూ బంగారు రంగు అంచు కొట్టేశాను. బోర్డులు రాసేవాడెవడూ ఒక చివర మొదలెట్టి రెండో చివరికి పోడు. పోతే ఆఖరి అక్షరం మూల కరుచుకుని పడుకుంటుంది. రెండు చివర్ల నుంచీ మధ్యకి వస్తాం. నేనూ అలాగే వచ్చాను. ఒక గడి మిగిలింది. అదెక్కడంటే సరిగ్గా రీడింగ్ రూముకీ లాబు మంటలకీ మధ్యన. ఆ మధ్య ఏడాది ఏదా అని చూస్తే నువ్వు చదువు ముగించిన ఏడాది. నీ డిగ్రీలాగే అదీ ఖాళీగా ఉంది.

ఉంటాను.
నీ తమ్ముడు, ఒంటిచెప్పు

జనవరి 20

ఒరే కోతీ,

చెప్పులు కొనమని బావకి చెప్పాను. పాదం కొలత పంపు. నిన్ను నమ్మి పాత కొలతకి కొంటే, తర్వాత కాలు పెరిగిందంటావు.

ఇక అసలు సంగతి. గడి దానంతటది మిగిలిందంటే నేను నమ్మను. నేను గుడ్డ కొలిచి బతుకుతున్నాను, నువ్వు గోడ కొలిచి బతుకుతున్నావు. ఇరవై మూడింటికి ఇరవై నాలుగు గీసి, పైగా అంచు కూడా కొట్టేసేంత అమాయకుడివి నువ్వు కావు. మన ఎదురింటాయన గేటు మీద "కుక్క కరవదు, యజమాని కరుస్తాడు" అని రాసి, అక్షరం జారిందన్న మొహం నీది.

ఎవరు వదలమన్నారు? ఆ ఏడాది దగ్గరే ఎందుకు వదిలావు? ఎవరైనా నీతో మాట్లాడారా? ఆఫీసువాళ్ళు నా గురించి ఏమైనా అడిగారా?

నా డిగ్రీ మీద నీ వేళాకోళాలు నా పెళ్ళికి ముందు నుంచీ వింటున్నాను. "అక్క తప్పింది, నేనూ తప్పాను, ఇంట్లో తూకం సరిపోయింది" అని వచ్చిన చుట్టానికల్లా చెప్పేవాడివి. ఊరుకున్నాను. ఇప్పుడు దాన్ని గోడెక్కించావు. రంగు డబ్బా నీ చేతిలోనే ఉంది కదా, ఆ గడి పూడ్చెయ్యి.

అక్క

ఫిబ్రవరి 2

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి తిట్లు ఏరుకోవడంలో విషయం జారిపోయింది.

పూడ్చమన్నావు. ఎలా పూడుస్తాను? నువ్వు పూడ్చమన్న గడి ఇక్కడ అందరికంటే పెద్ద ప్రొఫెసరై కూర్చుంది. బంగారు రంగుతో రాసిన గడుల్ని ఒక్కడూ చదవడం లేదు. ఏమీ రాయని దాని ముందు మాత్రం ఆగి మరీ చదువుతున్నారు.

ఆ ఏడాది పెద్ద సమ్మె జరిగింది, దాన్ని దాచేస్తున్నారని విద్యార్థులు. తమ సంఘం పుట్టిన ఏడాది అదే, కావాలని మింగేశారని గుమస్తాలు. చరిత్ర మేష్టారు నన్ను పక్కకి పిలిచి, "రిజిస్ట్రారుగారు నీ చేత ఏదైనా తీయించారా" అన్నాడు. ఆయన అటు వెళ్ళాడో లేదో రిజిస్ట్రారు పిలిచి, "ఆ మేష్టారు నీ చేత ఏదైనా రాయించబోతున్నాడా" అన్నాడు. ఇద్దరికీ ఒకటే చెప్పాను: "నాకేం తెలుసండీ, పైనుంచి వచ్చింది." నిచ్చెన పైనుంచి అని నా భావం. వాళ్ళు ఇంకా పైకి చూసుకున్నారు.

రిజిస్ట్రారుకి భయమేసి ఆ గడి మీద మంటలార్పే ఎర్ర సిలిండరు తగిలించాడు. ఇక చూడు. నిన్నటిదాకా అనుమానమే, ఇప్పుడు రుజువైపోయింది. మర్నాడు పొద్దున్నకి సిలిండరు కింద ఉంది, గోడ మీద సుద్దముక్కతో గీసిన ప్రశ్న గుర్తు ఉంది. తుడిచాను. మళ్ళీ వచ్చింది. నేను గీయలేదు. ఒకసారి తప్ప.

ఇంకో విచిత్రం. రోజూ మధ్యాహ్నం ఒక ముసలాయన వస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గుడ్డసంచీ. ఎవరితోనూ మాట్లాడడు. తిన్నగా ఖాళీ గడి ముందుకొచ్చి నిలబడతాడు. సంచీలోంచి సీసా తీసి ఒక గుక్క నీళ్ళు తాగి మూత పెడతాడు. ఇంకాసేపు చూసి వెళ్ళిపోతాడు. "ఏం చూస్తున్నారు తాతగారూ" అంటే, "ఏదో మరిచిపోయారు" అన్నాడు. ఎవరు మరిచిపోయారో చెప్పలేదు.

పాదం కొలత ఈ కాగితం వెనక గీశాను. మరక చూసి కంగారుపడకు, ఎర్ర రంగు.

తమ్ముడు

ఫిబ్రవరి 8

నీళ్ళ సంగతి నీకెవరు చెప్పారు?

బావ చెప్పాడనడానికి లేదు, బావకే నేను చెప్పలేదు. నాన్నకి తెలియదు. అమ్మకి తెలియదు. ఈ భూమ్మీద నాకూ, ఇంకొక మనిషికీ తప్ప తెలియదు. ఆ మనిషి నీతో మాట్లాడాడా? నా పేరు ఎత్తాడా?

వేళాకోళం కట్టిపెట్టి, అడిగినవాటికి జవాబు రాయి. పొడుగా, పొట్టా? సీసా ఏ చేత్తో పట్టుకుంటాడు? గొంతు ఎలా ఉంటుంది? గుక్క మింగితే చప్పుడు బయటికి వినిపిస్తుందా?

చెప్పులు పార్సెల్ చేశాడు బావ.

అక్క

ఫిబ్రవరి 15

అక్కా,

చెప్పులు అందాయి. రెండూ అందాయి, బావ చేతి నుంచి ఒకటే వస్తుందనుకున్నాను.

పొడుగే. ఎడమచేత్తో తాగుతాడు. గొంతు గంట మోగినట్టుంటుంది. గుటక వేశాడంటే నిచ్చెన మీద ఉన్న నాకు వినిపిస్తుంది.

ఇప్పుడు నేనడిగినదానికి నువ్వు చెప్పాలి. ఎవరక్కా ఈయన? ఎన్నేళ్ళుగా చూస్తున్నాను నిన్ను, ఒక మగాడి గుటక చప్పుడు గురించి ఇంత శ్రద్ధగా అడగడం ఇదే మొదలు. చదువుకునే రోజుల్లో ఏమైనా నడిచిందా? "బావకే చెప్పలేదు" అని నువ్వే రాశావు. ఆ లైను కింద గీత గీసి పెట్టుకున్నాను. బావ పంపిన చెప్పులు వేసుకుని బావకి ద్రోహం చేయలేను, అలాగని అక్కని పట్టివ్వలేను. నోరు మూసుకోవడానికి ఏమిస్తావో ఆలోచించుకో.

ఆ రోజు నువ్వు చదువులో తప్పావనే అనుకున్నాం అందరం. ఇంకెందులో తప్పావో ఇప్పుడు తెలుస్తోంది.

నీ గుట్టు తెలిసిన తమ్ముడు

ఫిబ్రవరి 21

నీ బుర్రకి రంగు పట్టింది, టర్పెంటైనుతో కడుక్కో.

ఆయనెవరో చెబుతాను. చదివాక నవ్వాలనిపిస్తే నవ్వుకో, నాకు మాత్రం మళ్ళీ ఎప్పుడూ ఉత్తరం రాయకు.

స్నాతకోత్సవం రోజు హాల్లోకి ఇంటివాళ్ళని రానివ్వలేదు, బయట పచ్చిక మీద లౌడ్‌స్పీకర్లు పెట్టారు, గుర్తుందా. లోపల వేదిక మీద పేర్లు పిలిచేది పరీక్షల విభాగం గుమస్తా. గొంతు బాగుంటుందని ఆయనకి ఇచ్చారు ఆ పని. పేరు పిలిచాకే మెట్టెక్కాలి. నా ముందు నా స్నేహితురాలు, ఆ పోస్టుమాను కూతురు. దాన్ని పిలిచాడు, వెళ్ళింది. నేను మెట్ల దగ్గరికి జరిగాను. ఆయన కుడిచేతిలో కాగితాలు అలాగే పట్టుకుని, ఎడమచేత్తో గ్లాసు అందుకుని ఒక గుక్క నీళ్ళు తాగాడు. గ్లాసు పెట్టాడు. నా వెనకమ్మాయి పేరు పిలిచాడు.

అంతే. నా పేరు పిలిచేశాననుకున్నాడో ఏమో. ఇది నేను ఈ మధ్య అనుకుంటున్న మాట. అప్పుడు మాత్రం కావాలనే చేశాడనుకున్నాను. రీడింగ్ రూము గొడవలో అందరికంటే గట్టిగా అరిచింది నేనే, ఆ ఆఫీసు కిటికీ ముందే అరిచాను. మెట్ల దగ్గర బంట్రోతు "పేరు పిలవకుండా ఎక్కడికమ్మా, తప్పుకో" అన్నాడు. తప్పుకున్నాను.

బయటికి వస్తే నాన్న గేటు దగ్గర ఉన్నాడు. "ఏమైందమ్మా" అని ఒక్క మాట అడిగితే అక్కడే చెప్పేదాన్ని. అడగలేదు. దారంతా అడగలేదు. భోజనం దగ్గర "పోనీలే" అన్నాడు. మార్కులు వచ్చాయని ముందే చెప్పాను కదా, అదంతా అబద్ధమని తేల్చుకుని, నన్ను క్షమించేసి, పోనీలే అన్నాడు. తిట్టినా బాగుండేది.

తర్వాత వారం ఆఫీసుకి వెళ్ళాను. "వేదిక మీదే ఇచ్చేశాం" అన్నారు. నా పేరు ఎదురుగా టిక్కు ఉందట. ఇంట్లోనేమో తప్పాననుకున్నారు, అక్కడేమో తీసుకుని మళ్ళీ అడుగుతున్నాననుకున్నారు. రెండు చోట్లా అబద్ధాలకోరునే. ఇంకెవరి దగ్గరికి వెళ్ళను? కుట్టు మిషను ముందు కూర్చున్నాను.

ఇదీ నేను నడిపిన ప్రేమకథ.

అక్క

మార్చి 1

అక్కా,

ఈ ఉత్తరానికి నాలుగు కాగితాలు చింపాను. నేను కాగితం చింపడం ఎప్పుడైనా చూశావా? బడిలో కూడా చింపలేదు, పడవలు చేశాను.

పచ్చిక మీద ఏం జరిగిందో నీకు తెలియదు. చెబుతాను. పోస్టుమాను కూతురి తర్వాత నువ్వే అని నాన్నకి నువ్వు ముందే చెప్పావు కదా. దాని పేరు వినగానే నాన్న లేచి నిలబడ్డాడు. చుట్టూ అందరూ కూర్చున్నారు, ఆయనొక్కడే నిలబడ్డాడు. చొక్కా కాలరు సర్దుకున్నాడు. అప్పుడు లౌడ్‌స్పీకర్లో గుటక్కుమని పెద్ద చప్పుడు వచ్చింది. మైకు అన్నీ మోస్తుంది కదా. పచ్చిక మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. పడీ పడీ నవ్వాను. అది నీ పేరుండాల్సిన చోటని ఎవరికి తెలుసు.

తర్వాత వేరే పేరు వచ్చింది. నాన్న నిలబడే ఉన్నాడు. ఇంకో రెండు మూడు పేర్లు వచ్చాయి. వెనకాయన "కూర్చోండి సార్, కనపడటం లేదు" అన్నాడు. కనపడటానికి అక్కడేముంది, లౌడ్‌స్పీకరు. అయినా నాన్న కూర్చున్నాడు.

ఇంట్లో ఎవరూ అడగలేదన్నావు. ఆలస్యమే, అయినా నేను అడుగుతున్నాను. నువ్వు పాసయ్యావా అక్కా?

ఆ ముసలాయన్ని మాత్రం అంతగా పట్టించుకోకు. ఈ మధ్య సరిగా రావడం లేదు.

తమ్ముడు

మార్చి 6

అయ్యాను. మొదటి తరగతిలో.

ఇంత చిన్న జవాబు ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉండిపోయింది, అడిగినవాడు లేక.

నాన్న నిలబడ్డాడని నాకు తెలియదు. ఆ మాట చదివి మిషను ఆపేశాను. బావ వచ్చి దారం తెగిందా అన్నాడు.

"పట్టించుకోకు" అన్నావు చూడు, అక్కడ నాకు అనుమానం తగిలింది. మొన్నటిదాకా రోజూ వచ్చినవాడు, నేను సంగతి రాయగానే రావడం మానేశాడా? నువ్వు ఆయనకి చెప్పేశావు. లేదా జాలిపడి దాచిపెడుతున్నావు. ముసలాళ్ళంటే నీకు ఎప్పుడూ జాలే, అక్క మీదే ఉండదు.

సోమవారం వస్తున్నాను. ఆయన్ని తిట్టను. ముఖం చూస్తాను. "పిలిచానని అనుకున్నావా, పిలవకూడదని అనుకున్నావా" అని అడుగుతాను. ఒక్క ప్రశ్న. ఆయన వచ్చేదాకా కూర్చుంటాను. నువ్వు అడ్డం పడితే నిచ్చెన లాగేస్తాను.

అక్క

మార్చి 18

ఒరే,

క్షేమంగా చేరాను. బస్సులో కాళ్ళు వాచాయి.

రెండు రోజులు నన్ను ఆ బెంచీ మీద కూర్చోబెట్టావు. మొదటిరోజు "జ్వరమేమో" అన్నావు. రెండోరోజు "మనవరాలి స్కూల్లో ఏదో ఉన్నట్టుంది" అన్నావు. ఎవరితోనూ మాట్లాడని మనిషికి మనవరాలుందని నీకెలా తెలిసింది? అడుగుదామంటే నువ్వు నిచ్చెన దిగితేగా. భోజనం కూడా పైనే చేశావు.

ఆ సన్నటి పిల్ల వచ్చి "ఎవరి కోసం ఆంటీ, నిన్నటి నుంచీ చూస్తున్నారు" అని అడక్కపోతే నేను నోరు విప్పేదాన్ని కాను. పరాయి పిల్ల ఊరికే అడిగేసరికి అంతా వచ్చేసింది. చెప్పడం అయ్యేసరికి నేల మీద కూడా చోటు లేదు, అందరూ కూర్చుని వింటున్నారు. ఒకడు "గుక్కెడు నీళ్ళకా" అన్నాడు. మరొకడు వాడి డొక్కలో పొడిచాడు.

మీ చరిత్ర మేష్టారు వెనక నిలబడి విన్నాడు. "అప్పుడే పైవాళ్ళకి ఫిర్యాదు చేయలేకపోయారా" అన్నాడు. "చేద్దామనే అనుకున్నానండీ, మా నాన్న గేటు దగ్గర ఎదురుచూస్తున్నాడు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుని ఎక్కడికి వెళ్ళాడు? నమ్మాడా? రుజువు కోసం వెళ్ళాడా? నిజం రాయి.

అక్క

మార్చి 27

అక్కా,

వెళ్ళింది పరీక్షల విభాగానికే. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు. వచ్చి నిచ్చెన కింద నిలబడి, "మీ అక్కగారు చెప్పిన మార్కులు..." అని మొదలెట్టాడు. "నాకు చెప్పకండి మేష్టారూ" అన్నాను. ఆయన విడ్డూరంగా చూశాడు. ఇప్పుడు ఆయన నోటి నుంచి వింటే, నిన్ను నమ్మింది నేనా, కాగితమా అన్న అనుమానం నాకే మిగిలిపోతుంది. "రాయి" అన్నాడు ఆయన. అంతే.

ఏం రాయాలన్నదాని మీద రిజిస్ట్రారు గదిలో పెద్ద యుద్ధం. "సాంకేతిక కారణాల వల్ల" అని ఉండాలని రిజిస్ట్రారు పట్టుపట్టాడు. "నీళ్ళు తాగడం సాంకేతికం ఎలా అవుతుందండీ" అని మేష్టారు. అసలు ఇది ముఖ్య ఘట్టమెలా అవుతుందని రిజిస్ట్రారు. కిటికీ బయట విద్యార్థులు, వాళ్ళ వెనక సంఘం గుమస్తాలు. నేను మధ్యలో తలదూర్చి, "పోనీ ఖాళీగానే ఉంచుదామండీ" అన్నాను. ఖాళీ అన్న మాట వినగానే రిజిస్ట్రారు మేష్టారు రాసిన వాక్యం కింద గబుక్కున సంతకం పెట్టేశాడు.

ఇదీ రాసింది: "ఈ సంవత్సరం స్నాతకోత్సవంలో ఒక పేరు పిలవడం మరిచిపోయారు. ఆ పేరు ఇది." కింద నీ పేరు. పుట్టింటి ఇంటిపేరుతో, ఆ రోజు కాగితంలో ఎలా ఉందో అలా. మిగతా గడుల్లో అక్షరం బెత్తెడుంటే, నీ పేరు జానెడుంది. గోడకి మెల్లకన్ను వచ్చింది. రానీ.

డిగ్రీ కాగితం రిజిస్టరు పోస్టులో పంపుతారట. నువ్వు సంతకం పెట్టాకే టిక్కు పెట్టమని మేష్టారు వాళ్ళ నెత్తిన కూర్చుని చెప్పాడు.

తమ్ముడు

ఏప్రిల్ 2

ఒరే,

కాగితం వచ్చింది. బావ పటం కట్టిస్తానంటున్నాడు. వద్దన్నాను, మిషను డ్రాయరులో పెట్టాను. కత్తెర తీసినప్పుడల్లా కనిపిస్తుంది, అది చాలు.

సంతోషంగానే ఉంది. కానీ నాకు ఇంకా కావలసింది ఒకటుంది, అది నువ్వే చెప్పాలి. ఆయన వచ్చాడా? గడి చదివాడా?

ఎందుకడుగుతున్నానో విను. కావాలనే చేశాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఒక మనిషి నన్ను చూసి, పేరు చూసి, దాటేశాడని. ఆ ముఖం తలుచుకుని రాత్రుళ్ళు లేచి కూర్చున్న రోజులున్నాయి. నువ్వు రాశాక తెలిసింది, రోజూ వచ్చి నిలబడుతున్నాడంటే, "ఏదో మరిచిపోయారు" అన్నాడంటే, పాపం ఆయనకీ తర్వాత ఎప్పుడో గుర్తొచ్చిందన్నమాట. గుర్తొచ్చి నలిగాడన్నమాట. ఆ ఒక్క సంగతి పట్టుకుని ఈ మధ్య హాయిగా నిద్రపోతున్నాను. డిగ్రీ కాగితం కంటే అదే నాకు ఎక్కువైంది, నిజం చెప్పాలంటే.

చదివి ఏమన్నాడో ఒక్క ముక్క రాయి. ఆయనకి వినపడేలా ఉంటే, నేను కోపం మానేశానని చెప్పు.

అక్క

ఏప్రిల్ 8

అక్కా,

వచ్చాడు. నిన్న మధ్యాహ్నం వచ్చాడు. అదే ఇస్త్రీ చొక్కా, అదే సంచీ. గడి ముందు ఆగాడు. పెదాలు కదుపుతూ మెల్లగా చదివాడు. నీ పేరు దగ్గరికొచ్చేసరికి పైకి చదివాడు, గంట మోగినట్టు, వసారా అంతా వినపడేలా. పిల్లలు ఆగి చూశారు. ఆయన సంచీలో చెయ్యి పెట్టి, సీసా తీయకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మా అక్క కోపం మానేసింది తాతగారూ" అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి

ఇక్కడిదాకా రాసి లేచి వెళ్ళి టీ తాగొచ్చాను. బాగా వస్తోంది, ఇంకో పేజీ రాయగలను. భుజం మీద వేసిన చెయ్యి వణికించగలను. నువ్వు చదివి ఏడ్చి, ప్రశాంతంగా పడుకుంటావు కూడా.

కానీ పోనీలే అని నాన్న ఒకసారి నీకు నిద్ర పుచ్చే మాట చెప్పాడు. రెండోది నేను చెప్పలేను.

అసలు పేర్లు పిలిచినాయన ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో, నాకు తెలియదు. మరిచాడో, దాటేశాడో తెలియదు. చెప్పగలిగిన మనిషి కూడా ఇక్కడ ఎవరూ లేరు, మేష్టార్ని అడిగి చూశాను. గడి ముందు ఏ ముసలాయనా వచ్చి నిలబడలేదు. ఆ రోజు ఉత్తరంలో కాస్త ఉప్పూ కారం తగ్గిందని, నిన్ను ఉడికిద్దామని, ఒక ముసలాయన్ని నిలబెట్టాను. ఊరికే నిలబడితే బాగోలేదని చేతికి సీసా ఇచ్చాను. ఏ చెయ్యి అని నువ్వడిగావు, కుడిచెయ్యి అయితే అడగవు కదా అని ఎడమ అన్నాను. మనవరాలిని నువ్వు బెంచీ మీద కూర్చున్నప్పుడు పుట్టించాను.

నువ్వు మళ్ళీ రాత్రుళ్ళు లేచి కూర్చుంటే ఆ పాపం నాది. తిడుతూ ఉత్తరం రాయి, అన్నీ చదువుతాను. ఫోన్ చేసినా సరే, సిగ్నల్ లేదనను.

మిగతాదంతా నిజం అక్కా. గోడ నిజం, గడి నిజం, నాన్న నిలబడ్డది నిజం. ముసలాయన ఒక్కడే లేడు.

తమ్ముడు